మామిడి తొక్కకు గడువు ఒక్క పూటే: వర్తుల ఆర్థిక వ్యవస్థలో లీన్ పద్ధతుల పాత్ర

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల నుంచి రెండు రకాల బండ్లు బయటికి వస్తాయి. ఒకదానిలో గుజ్జు నింపిన డ్రములుంటాయి. వాటి బరువు, తీపి శాతం, పులుపు, బ్యాచ్ నంబరు అన్నీ కాగితం మీద ఉంటాయి. రెండోదానిలో తొక్క, టెంక కలగలిసి రసం కారుతూ ఉంటాయి. ఈ రెండో బండి గురించి ఫ్యాక్టరీ పట్టించుకునేది ఒక్కటే, అది తొందరగా గేటు దాటిందా లేదా అన్నది. వర్తుల ఆర్థిక వ్యవస్థ, అంటే సర్క్యులర్ ఎకానమీ గురించి మన దగ్గర జరిగే చర్చ ఎక్కువగా ఈ రెండో బండి చుట్టూనే తిరుగుతుంది. తొక్క నుంచి పెక్టిన్ (జామ్ లాంటివి గడ్డకట్టడానికి వాడే పదార్థం) తీయవచ్చని, టెంకలోని జీడి, అంటే లోపలి పప్పు నుంచి కొవ్వు తీయవచ్చని, మిగిలిన పిప్పిని ఎరువుగా మార్చవచ్చని సదస్సుల్లో చెబుతూనే ఉంటారు. అవన్నీ నిజమే, ప్రయోగశాలలో ఎప్పుడో రుజువైనవే. అయినా ఏటా ఆ తొక్కలో చాలా భాగం చెత్తగానే పోవడానికి కారణం సాంకేతిక పరిజ్ఞానం లేకపోవడం కాదు. ఆ తొక్క ఏ గంటకు పుట్టింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, దేనితో కలిసింది అన్నదాన్ని బట్టే అది సరుకు అవుతుందో చెత్త అవుతుందో తేలుతుంది. ఆ లెక్క తీసే పద్ధతి లీన్ నిర్వహణ దగ్గర ఉంది.

లీన్ అనేది జపాన్‌లోని టయోటా కార్ల కంపెనీలో రెండో ప్రపంచ యుద్ధం తరువాత రూపుదిద్దుకున్న ఉత్పత్తి విధానానికి చాలాకాలం తరువాత వచ్చిన పేరు. జాన్ క్రాఫ్‌చిక్ అనే పరిశోధకుడు 1988లో ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. టయోటాలో ఆ విధానాన్ని మలిచినవారిలో ముఖ్యుడైన తైచి ఓనో లెక్క ప్రకారం వృథా ఏడు రకాలు: అవసరానికి మించి తయారు చేయడం, ఎదురుచూపు, అక్కరలేని రవాణా, అక్కరలేని పని, పేరుకున్న నిల్వ, మనిషి అనవసరపు కదలిక, లోపమున్న సరుకు. వీటిలో మొదటిదే అన్నిటికన్నా చెడ్డదని ఆయన అభిప్రాయం. మిగతా వాటిని పుట్టించేదీ, అవి కంటపడకుండా కప్పిపెట్టేదీ అదే కావడం అందుకు కారణం. ఈ ఏడింటిలో చెత్తకుప్పలో కంటికి కనిపించేది దాదాపుగా చివరిదొక్కటే. మిగతావన్నీ కాలం, చోటు, శ్రమ రూపంలో చప్పుడు లేకుండా పోయేవే.

వర్తుల ఆర్థిక వ్యవస్థ ఆలోచన పదార్థం వైపు నుంచి బయలుదేరుతుంది. 2010లో బ్రిటన్‌లో ఏర్పడిన ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ ప్రచారంతో బాగా వ్యాపించిన ఈ ఆలోచన ప్రకారం, జీవపదార్థమైతే దాని నుంచి వీలైనన్ని ప్రయోజనాలు పొందాక క్షేమంగా మట్టికి చేరాలి. లోహం, గాజు, ప్లాస్టిక్ లాంటివైతే వాడకం, మరమ్మతు, తిరిగి తయారీ అనే వలయంలోనే తిరుగుతూ ఉండాలి, కరిగించడం చివరి మార్గం కావాలి. లీన్ కాలాన్ని కొలుస్తుంది, ఇది పదార్థాన్ని కొలుస్తుంది. రెండూ ఒక్కటేనని కొందరు సలహాదారులు చెప్పే మాట నమ్మదగ్గది కాదు, ఎందుకంటే కొన్నిచోట్ల అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి కూడా.

మొదట అవసరానికి మించిన ఉత్పత్తి సంగతి. చిత్తూరు జిల్లాలో 2025 మామిడి సీజను దీన్ని కళ్లకు కట్టింది. ముందటి ఏడాది గుజ్జు అమ్ముడుపోక గోదాముల్లో నిల్వ ఉండిపోవడంతో ఫ్యాక్టరీలు కొత్త కాయ కొనడానికి వెనుకాడాయి, గుజ్జుకు వాడే తోతాపురి రకం మామిడి ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు చెల్లించాలని, మరో 4 రూపాయలు తాను ఇస్తానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. ఎసెప్టిక్ సంచిలో, అంటే సూక్ష్మజీవులు చొరబడకుండా శుద్ధి చేసి మూసిన సంచిలో నింపి సుమారు 215 కిలోల డ్రములో పెట్టిన గుజ్జు ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా చెడిపోదు. చెడిపోదు గనుకనే అది వృథాగా ఎవరికీ కనిపించదు. కంపు కొట్టదు, ఈగలు ముసరవు, పైగా ఆస్తిపట్టీలో సంపదగా నమోదవుతుంది. కానీ ఆ డ్రములో రైతు కాయతో పాటు కాయ కడిగిన నీళ్లు, బాయిలరులో కాల్చిన ఇంధనం, కరెంటు, బ్యాంకు వడ్డీ ఇమిడి ఉన్నాయి. అక్కరలేని డ్రము తయారైనప్పుడు అక్కరలేని తొక్క కూడా తయారైనట్టే. ఆ తొక్క నుంచి ఏదో ఒకటి తీసి, మొత్తం వ్యవహారానికి వర్తులమని పేరు పెట్టుకోవడం లెక్కను తలకిందులు చేయడమే అవుతుంది.

అడిగినంతే తయారు చేయాలన్న లీన్ సూత్రాన్ని మామిడికి యథాతథంగా వర్తింపజేయడం కుదరదన్నది కూడా ఒప్పుకోవాలి. కార్ల ఫ్యాక్టరీకి ఉక్కు రేకు ఏ నెలలో అడిగినా దొరుకుతుంది. తోతాపురి మాత్రం కొద్ది వారాల్లోనే కోతకు వస్తుంది, పానీయాల కంపెనీలు గుజ్జును ఏడాది పొడవునా తీసుకుంటాయి. కాబట్టి నిల్వ తప్పదు. నిల్వ ఉండకూడదని పట్టుబట్టే బదులు, ఎంత నిల్వకు ఎవరు ముందుగా మాట ఇచ్చారన్నది అడగాలి. సీజనుకు ముందే కొనుగోలు ఒప్పందం ఉన్న డ్రముకూ, ఏదో ఒక ధర రాకపోదులే అన్న ఆశతో నింపిన డ్రముకూ పైకి తేడా కనిపించదు. లీన్ దృష్టిలో మాత్రం మొదటిది సరుకు, రెండోది వృథా.

ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరడం, టోకెన్లు పంచడం జిల్లాలో అందరూ చూసిందే. టోకెను అనేది నిజానికి టయోటా వాడిన కన్‌బాన్ కార్డుకు చాలా దగ్గరి వస్తువు: ముందు దశకు, ఇప్పుడు ఇంత పంపు, అంతకు మించి వద్దు అని చెప్పే చీటీ. అది ఎప్పుడు చేతికి వస్తుందన్న దానిలోనే ఇబ్బంది ఉంది. కాయ కోసి ట్రాక్టరుకెత్తి గేటు దగ్గరికి తెచ్చాక టోకెను ఇస్తే అది కేవలం వరుస సంఖ్య. కోతకు ముందే, ఫలానా రోజున ఫలానా పూటకు ఇన్ని టన్నులు అని రైతు చేతికి వస్తే, అప్పుడు అది కోతను నడిపించే సంకేతం. మొదటి పద్ధతిలో ఎండలో నిలబడ్డ ట్రాక్టరే గోదాము, రెండో పద్ధతిలో చెట్టే గోదాము. చెట్టు మీది కాయ మరి కొన్ని రోజులు ఆగగలదు. కోసి కుప్పపోసిన కాయ అడుగున నలుగుతుంది, సొన కారుతుంది, ఒకటి మెత్తబడితే పక్కవాటిని కూడా మెత్తబరుస్తుంది. గేటు దగ్గర పక్కన పారేసే కాయలో చాలా భాగం ఈ ఎదురుచూపులో పుట్టినదే. దాన్ని కంపోస్టు చేయడం కన్నా టోకెను రోజు మార్చడం చవక. కోత కూలీలు దొరికే రోజును బట్టి, వానను బట్టి రైతు టోకెను రోజు తప్పవచ్చు. కొంత సామర్థ్యాన్ని ఖాళీగా ఉంచితే తప్ప ఈ పద్ధతి నడవదు, ఆ ఖాళీకి అయ్యే ఖర్చును ఎవరు భరించాలన్నది తేలాలి.

ఇప్పుడు తొక్క దగ్గరికి వద్దాం. మామిడి ప్రాసెసింగులో రకాన్ని బట్టి, యంత్రాన్ని బట్టి పండు బరువులో సుమారు 35 నుంచి 60 శాతం దాకా తొక్క, టెంక, పీచు రూపంలో మిగిలిపోతుంది. గుట్టగా పోసిన తడి తొక్క లోపల్లోపల వేడెక్కి, ఒక పూటలోనే పులవడం మొదలవుతుంది. తాజాగా ఉన్నప్పుడు పశువుల మేతకైనా పనికొచ్చేది మర్నాటికి నీరు వదిలి, దారి పొడవునా కంపు కొడుతుంది. టెంక గట్టిది గనుక తొందరేమీ లేదనిపిస్తుంది, కానీ తడితో గుట్టలో వదిలేస్తే జీడికి బూజు పడుతుంది, దానిలోని కొవ్వు విడిపోయి ఆమ్లాలు పెరుగుతాయి. చాకొలెట్‌లో కోకో కొవ్వుతో పాటు పరిమితంగా వాడుకోవడానికి యూరోపియన్ యూనియన్ అనుమతించిన ఆరు మొక్కల కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. అంత విలువైన సరుకు కాగల జీడి, రెండు మూడు వానలకు తడిసిన గుట్టలో పడితే బాయిలరులో కాల్చడానికి కూడా మళ్లీ ఎండబెట్టవలసిన స్థితికి దిగజారుతుంది.

ఇక్కడ లీన్ చేయించే పని చాలా మామూలుది. తొక్క యంత్రం నుంచి జారిపడిన క్షణం నుంచి అది చివరికి చేరే చోటు వరకు ఒక కాగితం మీద గీత గీసి, ప్రతి మజిలీ దగ్గర అది కదిలిన నిమిషాలు వేరుగా, ఆగిన గంటలు వేరుగా రాయడం. దీన్నే విలువ ప్రవాహ పటం అంటారు. గుజ్జుకు ఈ పటం గీసే ఫ్యాక్టరీలు ఉన్నాయి గాని తొక్కకు గీయాలన్న ఊహే అరుదు. గీస్తే బయటపడే సంగతులు పెద్ద పెట్టుబడి అడిగేవి కావు. టెంకను వేరు చేసే యంత్రం వేరు, గుజ్జును జల్లించి తొక్కను, పీచును నెట్టేసే యంత్రం వేరు. అంటే అవి పుట్టడమే విడివిడిగా పుడతాయి. వాటి కింద ఒకే కన్వేయరు, దాని చివర ఒకే ట్రాలీ పెట్టినచోట అవి కలుస్తాయి, కలిశాక విడదీయడానికి మనుషులు కావాలి. ట్రాలీ నిండాకే కదలాలన్న నియమం వల్ల అడుగున పడ్డ తొక్క పైన పడే తొక్క కోసం గంటల తరబడి కాచుకుంటుంది. డీజిలు ఆదా కోసం పెట్టిన ఈ నియమం సరుకు విలువను చంపుతోందని లెక్కవేసేవారు ఎవరూ ఉండరు, ఎందుకంటే డీజిలు బిల్లు ఒక రిజిస్టరులో ఉంటుంది, తొక్క విలువ ఏ రిజిస్టరులోనూ ఉండదు. రెండు చిన్న ట్రాలీలు, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు తరలింపు, ఆవరణలోనే నీరు పిండేసే ప్రెస్సు ఒకటి ఉంటే చాలు, ఆ తరువాతి దశలన్నిటికీ దారి తెరుచుకుంటుంది.

తిరుపతిలో ఇలాంటి కథే పూలది. తిరుమల శ్రీవారికి అలంకరించిన పూలను భక్తులకు ప్రసాదంగా ఇచ్చే ఆచారం లేదు. నిర్మాల్యం పూర్వం పూలబావికి చేరేది. తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆలయాల్లో వాడిన పూలతో అగరబత్తీలు తయారు చేయించి, ఏడుకొండలకు గుర్తుగా ఏడు పేర్లతో 2021 సెప్టెంబరులో అమ్మకానికి పెట్టింది. పువ్వు నుంచి బత్తీ దాకా ఏరడం, ఎండబెట్టడం, పొడి చేయడం, కలపడం, పుల్లకు పట్టించడం, మళ్లీ ఆరబెట్టడం ఉంటాయి. ఇందులో గొలుసు వేగాన్ని నిర్ణయించేది మొదటి ఎండబెట్టుడే. బంతి పువ్వులో ఉండే తేమ వల్ల, గోనెసంచిలో కుక్కి ఒక రాత్రి ఉంచితే మర్నాటికి రంగు మారి, జిగురు పడుతుంది. దండలోని దారం, వెదురు పుల్ల, జరీ కాగితం లాంటివి కూడా పువ్వుతో పాటే వస్తాయి. వీటిని ఎండిన తరువాత ఏరడం కన్నా తీసిన చోటే, తీసిన పూటే ఏరడం తేలిక. అంతకన్నా తేలికైనది పూల సరఫరా ఒప్పందంలోనే ప్లాస్టిక్ దారం, జరీ వద్దని రాయడం. లోపాన్ని చివర తనిఖీలో పట్టుకోవడం కాకుండా అది చొరబడే తలుపే మూయాలన్నది లీన్‌లో మూలసూత్రం.

పూలకున్న మరో సమస్య ఒడిదొడుకులు. మామూలు రోజున వచ్చే పూలకూ బ్రహ్మోత్సవాల్లో వచ్చే పూలకూ పొంతన ఉండదు. పండుగ రోజుకు సరిపడా ఎండబెట్టే యంత్రాలు కొంటే మిగతా రోజుల్లో అవి ఖాళీగా ఉంటాయి, మామూలు రోజుకు సరిపడా కొంటే పండుగనాటి పువ్వు కుళ్లుతుంది. ఈ హెచ్చుతగ్గులను టయోటావారు వృథా కన్నా ముందు చూడవలసిన జబ్బుగా లెక్కించారు, అది ఉన్నంతకాలం వృథా పుడుతూనే ఉంటుంది గనుక.

వలయం చక్కగా తిరిగే చోట్లు కూడా ఇక్కడే ఉన్నాయి, వాటిని చూస్తే ఏది పనిచేస్తుందో అర్థమవుతుంది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించాక దుకాణాల్లో గాజు సీసాలు వచ్చాయి. డిపాజిట్టు కట్టి కొంటారు, ఖాళీ సీసా తిరిగి ఇచ్చి డబ్బు తీసుకుంటారు. ఇందులో తిరిగొచ్చిన ఖాళీ సీసాయే మళ్లీ నింపమనే సంకేతం, దానికి వేరే చీటీ అక్కరలేదు. వాహనాల బ్యాటరీలదీ అదే తీరు. 1985లో మొదలై తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా ఎదిగిన అమరరాజా వంటి సంస్థల వల్ల ఈ ప్రాంతానికి బాగా తెలిసిన సీసపు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. పాతది ఇస్తే కొత్తదాని ధరలో తగ్గింపు ఉంటుంది గనుక పాత బ్యాటరీని ఎవరూ చెత్తలో వేయరు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఉత్పత్తిదారుల మీద సేకరణ బాధ్యత పెట్టాయి. అయితే పాత బ్యాటరీ అధీకృత రీసైక్లింగు కేంద్రానికి వెళుతుందా, యాసిడ్‌ను నేల మీద పారబోసి సీసాన్ని పెనంలో కరిగించే పెరటి బట్టీకి వెళుతుందా అన్నది తరచూ రవాణాయే తేలుస్తుంది. కొత్త బ్యాటరీలు దించిన బండి ఖాళీగా తిరిగి వెళ్లకుండా అదే దారిలో పాతవి ఎక్కించుకుంటే, పెరటి బట్టీవాడికి సరుకే దొరకదు. నిండు క్యాన్లు ఎత్తుకుని ఖాళీ క్యాన్లు దించుతూ ఊరూరా తిరిగే పాల వ్యాన్లు చిత్తూరు పల్లెల్లో ఈ పని రోజుకు రెండు పూటలా చేస్తూనే ఉన్నాయి.

నగర చెత్త విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. తిరుపతి నగరపాలక సంస్థ తూకివాకం దగ్గర తడిచెత్త శుద్ధికి ఏర్పాట్లు చేసుకుంది. ఏ నగరంలోనైనా అలాంటి కేంద్రం సామర్థ్యం యంత్రం కన్నా ఇంటి గుమ్మం దగ్గరే తేలుతుంది. తడి, పొడి, ప్రమాదకర చెత్తను వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి నిబంధనల నుంచే ఉంది. టయోటా కార్మికుడు లోపం కనిపిస్తే తాడు లాగి మొత్తం లైను ఆపగలడు. కలిపిన చెత్తను తీసుకోనని మన పారిశుద్ధ్య కార్మికుడు చెబితే మాత్రం, ముందుగా సంజాయిషీ అడిగేది అతడినే.

లీన్ దారి తప్పించే చోట్లు రెండు మూడు ఉన్నాయి. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ పారిశ్రామికవాడలో 2016లో ఉత్పత్తి ప్రారంభించిన వాహనాల కంపెనీ ఇసుజు మొదలుకొని అనేక జపాన్ కంపెనీలు ఉన్నందున ఈ పద్ధతులు ఈ ప్రాంత కార్మికులకు కొత్త కావు. కానీ ఏ అసెంబ్లీ లైనులోనైనా సెకన్ల ఆదా కోసం స్క్రూ బిగించే చోట జిగురు అంటించడం లీన్ లెక్కలో మెరుగుదలగానే కనిపిస్తుంది. పదేళ్ల తరువాత ఆ యంత్రాన్ని విప్పి బాగుచేసేవాడికి మాత్రం అది గోడ. వస్తువు గేటు దాటాక ఏమవుతుందో లీన్ అడగదు, ఎందుకంటే దాని లెక్కలో విలువ అంటే కొనేవాడు డబ్బిచ్చేదే. ఈ లోపాన్ని లీన్ తనంతట తాను సరిదిద్దుకోలేదు, పటం గీసేటప్పుడే గేటు అవతలి దశలను కూడా గీయాలని నిబంధనో కొనుగోలుదారో పట్టుబట్టాలి. ఇంకో చిక్కు దీనికి ఎదురు దిక్కున ఉంది. తొక్కకు మంచి ధర వస్తుంటే, టెంకకు అంటుకుని పోయే గుజ్జును తగ్గించాలన్న పట్టుదల ఫ్యాక్టరీలో సడలవచ్చు. కాబట్టి తొక్క అమ్మిన ఆదాయాన్నీ, టన్ను కాయకు వచ్చిన గుజ్జునూ ఒకే పేజీలో పక్కపక్కన రాయడం మంచిది.

మిగులు పదార్థానికి ఏదో ఒక వాడకం దొరికితే అసలు పనిలోని వృథా కంటపడకపోయే ఈ చిక్కు బెల్లం గానుగల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. చెరకు పిప్పిని ఎండబెట్టి అదే పెనం కింద కాల్చడం పాతకాలం నుంచీ ఉన్న వర్తులమే. పొయ్యి కట్టుబడి సరిగ్గా లేక వేడి పొగతో పాటే పోతుంటే పిప్పి అంతా అక్కడే ఖర్చవుతుంది, ఒక్కోసారి చాలదు. గాలి సరిగ్గా ఆడే పొయ్యి కడితే పిప్పి మిగులుతుంది. ఆ మిగులును తోటలో మల్చింగుకు, అంటే చెట్ల మొదళ్ల దగ్గర నేలను కప్పడానికి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

చిన్న పరిశ్రమలు లీన్ అమలు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో సవరించి ప్రారంభించిన పథకంలో సలహాదారు ఖర్చులో 90 శాతం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీలు దీన్ని వాడుకుంటే మొదట చూడవలసింది ఎండబెట్టే సామర్థ్యం, అది కూడా ఒక్కో ఫ్యాక్టరీకి విడిగా కాదు. ఒక్క ఫ్యాక్టరీ తొక్క పెక్టిన్ యూనిట్టుకు చాలదు, అందరి తొక్క కలిసినా వచ్చేది కొద్ది వారాలే. అదే డ్రయ్యరు మామిడి అయ్యాక బ్రహ్మోత్సవాల పూలకు, మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయినప్పుడు టమాటాకు పనికొస్తే ఏడాదంతా పని సమంగా పరుచుకుంటుంది, పెట్టుబడికి గిట్టుబాటవుతుంది. దీనికి ఒక షరతు ఉంది. పూల మీద మందుల అవశేషాలు ఉండవచ్చు, జీడి కొవ్వూ టమాటా పొడీ మనుషులు తినే సరుకులు. పువ్వు ఆరిన బెల్టు మీదనే టమాటా పరిస్తే తనిఖీలో మొత్తం సరుకు తిరిగి రావచ్చు. కాబట్టి వేడిగాలి పుట్టించే బాయిలరు, ఫ్యాన్లు ఉమ్మడిగా ఉంచి, ట్రేలు, గదులు తినేవాటికి వేరుగా, తిననివాటికి వేరుగా పెట్టాలి. అప్పుడు పెట్టుబడి ఎంత పెరుగుతుంది, కడగడానికి ఒక్కో మార్పుకు ఎన్ని గంటలు పడుతుంది అన్నవి డ్రయ్యరు కొనకముందే, తొక్క బండ్లను తూకం వేసిన ఒక సీజను లెక్కలు చేతిలో పెట్టుకుని తేల్చుకోవలసినవి.